హైమవతి ఇంటి పండు ఈగలు

కోదండయ్యగారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమే. ఆయన కూర్చోబెట్టి తత్త్వం విప్పి చెప్పగా మాలో ఎవరూ వినలేదు. కోపం ఎలా పోతుందని అడిగినవాడికి చిక్కుపడ్డ నూలు చేతికిచ్చి విడదీసుకు రమ్మన్నారు. దేవుడున్నాడా అని నేనడిగితే చేద చూపించి తొట్టి నింపమన్నారు. తొట్టి నిండింది, నా నడుం పట్టేసింది, ఆ ప్రశ్న ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు. అయినా సాయంత్రమయ్యేసరికి నూజివీడులో ఆ పెంకుటింటి అరుగు మీదికి చేరకపోతే మాకు కాలు నిలిచేది కాదు.

ఆ ఏడు మామిడిపళ్ళ రోజులు అయిపోవస్తూ తొలి వానలు పడుతుండగా హైమవతి తన ప్రశ్న తెచ్చింది. మా గురుబంధువుల్లో అందరికంటే శ్రద్ధ గల మనిషి ఆమె. అందరికంటే నిలకడ లేని మనిషీ ఆమే. కూర్చుంటే చాప అంచు పీకేది, లేస్తే కొంగు మెలిపెట్టేది. ఆ రోజు భర్త పద్మనాభాన్ని వెంటబెట్టుకొచ్చి, దణ్ణం పెట్టీ పెట్టకముందే మొదలుపెట్టింది.

"అయ్యగారూ, మా చెల్లెల్ని క్షమించేశాను. మనసారా క్షమించాను. అయినా అదన్న మాట పొద్దున లేస్తే చెవి దగ్గరే తిరుగుతోంది. వంట చేస్తున్నా అదే, జపానికి కూర్చున్నా అదే. తోలితే పోదు. దీన్ని ఎలా వదిలించుకోవాలో చెప్పండి."

ఆ మాటేమిటో మా అందరికీ తెలుసు. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు సేవంతా హైమవతే చేసింది. చెల్లెలు సుగుణ ఏలూరు నుంచి వచ్చి పోతూ ఉండేది. తల్లి సంవత్సరీకం నాడు, బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, "నువ్వు చుట్టపుచూపు మనిషివి, అమ్మకి ఎత్తిపోసింది నేను" అని హైమవతి అంది. "ఎత్తిపోశావక్కా, కాదనను. ఎత్తిపోసిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి చెప్పుకున్నావు కూడా" అని సుగుణ విస్తరి ముందు నుంచి లేచి, తినకుండా వెళ్ళిపోయింది. అంతవరకూ కూర తాలింపు వేస్తూ కూడా ఫోన్లో కబుర్లు చెప్పుకునే అక్కచెల్లెళ్ళు, ఆ తర్వాత ఒక్క మాట అనుకోలేదు. హైమవతికి తోబుట్టువంటే ఆ ఒక్కతే.

కోదండయ్యగారు ఆమె వైపు చూడలేదు. పద్మనాభం వైపు తిరిగి, "మీ ఇంట్లో పండు ఈగలు పట్టాయన్నావు, పోయాయా?" అన్నారు.

"ఎక్కడండీ. మజ్జిగ గ్లాసు ఎత్తితే నాకంటే ముందు అవే దిగుతున్నాయి," అన్నాడు పద్మనాభం.

"ముందు వాటి సంగతి చూడు తల్లీ. మందులు కొట్టకు, ఇంట్లో ఉన్నవాటితోనే వదిలించు. తర్వాత నీ మాట చూద్దాం."

హైమవతి ముఖం చిన్నబోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు మండింది. మనిషి గుండె విప్పి చూపిస్తుంటే మధ్యలో ఈగల గొడవేమిటి?

పండు ఈగలు ఆవగింజంతేసి ఉంటాయి. కుట్టవు, కరవవు, చప్పుడైనా చేయవు. ఊరికే కళ్ళముందు తేలుతుంటాయి. చప్పట్లు కొడితే చేతుల మధ్యనుంచి జారుకుని ముక్కు మీదికొస్తాయి. హైమవతి పని పట్టిందంటే ఇల్లు అదిరిపోవాల్సిందే. అరటిపళ్ళు డబ్బాలో పెట్టి మూత వేసింది. చెత్తబుట్ట కడిగి ఎండలో బోర్లించింది. తూములో మరిగే నీళ్ళు పోసింది. నిమ్మచెక్కల్లో లవంగాలు గుచ్చి పొయ్యిగట్టు మీద పెట్టింది, కిటికీకి తులసి రెమ్మలు కట్టింది. వేపాకు పొగ వేస్తే ఈగలతో పాటు పద్మనాభమూ వీధిలోకి పరిగెత్తాడు. పొగ తగ్గాక అందరూ కలిసే తిరిగొచ్చారు.

చివరికి పక్కింటావిడ ఒక ఉపాయం చెప్పింది. గాజు గ్లాసులో మగ్గిన మామిడి రసం, కాస్త బెల్లం, కొద్దిగా కుంకుడు రసం కలపాలి. కాగితాన్ని పొట్లంలా చుట్టి, కొన దగ్గర కన్నం ఉంచి, ఆ కొన కిందికి వచ్చేట్టు గ్లాసులో దించాలి. వాసనకి ఈగ లోపలికి దిగుతుంది, బయటికి దారి కానరాక రసం మీద వాలుతుంది, కుంకుడు కలిసింది గనక తేలలేక మునుగుతుంది. పొద్దుటికి గ్లాసు అడుగు నల్లబడింది. ఉపదేశం తీసుకున్నాక చీమను కూడా తొక్కకుండా నడిచే మనిషి, ఆ గ్లాసు పట్టుకుని వీధి వీధంతా చూపించింది. అది కడిగి పెట్టేసరికి వంటింట్లో ఎన్ని ఈగలుండాలో అన్నీ ఉన్నాయి. ఇంకో గ్లాసు పెట్టింది, ఆపైన మరొకటి. గట్టు మీద గ్లాసులు పెరిగాయి గానీ ఈగలు తరగలేదు.

మళ్ళీ అరుగు మీదికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. "హైమవతి భక్తి అంటే భక్తి అంటారందరూ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. చెల్లెలి మాటా వదల్లేదు, ఈగలూ వదల్లేదు. నావల్ల కాదండి," అంది.

కోదండయ్యగారు గొడుగు తీసుకుని లేచారు. పిలవకపోయినా నేనూ వెంట నడిచాను.

వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేస్తే కూర్చుని, ఆయన ఆ గ్లాసులకేసి చాలాసేపు చూశారు. "ఏం పోశావమ్మా వీటిలో?"

"మామిడి రసం, బెల్లం అండి."

"మంచి భోజనమే. ఇది పెట్టకముందు కూడా వచ్చాయిగా, అప్పుడేం తిన్నాయి?"

తన ఇంటి శుభ్రాన్ని శంకించారనుకుంది హైమవతి. గబగబా ప్రతి డబ్బా మూతా తీసి చూపించింది. బెల్లం కుండ, చింతపండు జాడీ, పెరుగు గిన్నె, గట్టు వెనక మూల, అన్నీ అద్దంలా ఉన్నాయి. నేను కండువాతో విసురుకుంటూ ఒక్కచోట నిలవలేకపోతున్నాను. ఆయన మాత్రం చెయ్యి కదపలేదు. చేతి కణుపు మీద వాలిన ఈగ లేచి ఎటు పోతుందో చూస్తున్నారు. అది హైమవతి భుజం పక్కగా పోయి, గోడ వెంబడే సాగి, వంటింటి పక్కన మూసి ఉన్న చిన్నగది తలుపు సందులో దూరింది. ఆ గడప ముందు అగరొత్తుల బూడిద కుప్పగా పడి ఉంది.

"ఆ గదిలో ఏముంది?"

"ఏం లేదండి. పాత మంచం."

పద్మనాభం గోడకేసి చూస్తూ అన్నాడు, "మంచం కింద సుగుణ గంప ఉందండి."

వాళ్ళ పెరట్లో చిన్నరసం మామిడి చెట్టు ఉంది, హైమవతి తల్లి నాటింది. ఏటా మొదటి కోతలో ఒక గంప పుట్టింటి వాటాగా సుగుణకు తీసి, గడ్డిలో మగ్గవేసి ఉంచడం ఆ తల్లి పెట్టిన ఆనవాయితీ. సుగుణ వచ్చి పట్టుకెళ్ళేదాకా అందులో పండు పిల్లలకు కూడా పెట్టేవారు కాదు. ఈ ఏడూ హైమవతి తన చేత్తో ఏరి, గడ్డి పరచి, గంప నింపింది. సుగుణ రాలేదు.

తలుపు తీసేసరికి ఈగలు ముసురుపట్టినట్టు లేచాయి. గంప మీది గోనె తడిసి నల్లబడింది. కింద పళ్ళన్నవి లేవు, తొక్కలూ టెంకలూ ముద్దయి, రసం గచ్చు మీదికి కారి అంటుకుపోయింది. కల్లు పులిసినట్టు వాసన. ఇంత కంపు కొడుతుంటే రోజూ గడప దాకా వచ్చి అగరొత్తి వెలిగించి వెనక్కి పోయిందన్నమాట.

"నా తప్పేముందండి," అంది హైమవతి. "నేను తీసి పెట్టాను. అదే రాలేదు."

"కబురు చేశావా?"

"ప్రతి ఏడూ కబురు లేకుండానే వచ్చేది."

"రాదని తెలిశాక ఇంట్లోవాళ్ళయినా తినేవారు కదా. ఎందుకు ఉంచావు?"

ఆమె కొంగు మెలిపెడుతున్న చేతులు ఆగిపోయాయి. ఎన్నేళ్ళుగానో ఎరిగిన మనిషి, ఆ చేతులు ఊరుకోవడం నేను అప్పుడే చూశాను.

"వచ్చినప్పుడు చూపిద్దామని," అంది. "నీ వాటా నీకు ఉంచాను, నేనేం మనసులో పెట్టుకోలేదు, చూసుకో అని చూపిద్దామని. కుళ్ళుతున్నాయని తెలుసండి. తియ్యబుద్ధి కాలేదు. కుళ్ళినవి చూస్తే తను ఎన్నాళ్ళు రాలేదో దానికి ఇంకా బాగా తెలుస్తుందనిపించింది."

ఆ మాట తన నోటినుంచే విని ఆమె గడప మీద కూలబడి ఏడ్చింది. సుగుణ అన్నది అక్షరాలా నిజమని ఆ క్షణాన ఆమెకు తెలిసింది. మాకూ తెలిసింది. పద్మనాభం ఏదో ఓదార్చబోతే కోదండయ్యగారు కళ్ళతోనే వద్దని వారించి, గంప వైపు చూపించారు.

పద్మనాభమూ నేనూ చెరో పక్కా పట్టుకుని పెరట్లోకి మోశాం. చెట్టు మొదట్లో గొయ్యి తీసి, గడ్డితో సహా పూడ్చి, మట్టి తొక్కాం. గోనె కాల్చేశాం. ఈలోగా హైమవతి లేచి, వేణ్ణీళ్ళు కాచి, పసుపు వేసి గదంతా కడిగింది. గ్లాసులన్నీ తూములో వంచి బోర్లించింది. అంతా అయ్యాక వంటింట్లో నిలబడి గాల్లోకి చూసింది.

"ఇంకా తిరుగుతున్నాయండి."

"తిరుగుతాయి. గంప పోయిన సంగతి వాటికి ఇంకా తెలియదు," అన్నారు కోదండయ్యగారు.

హైమవతి ముఖం కడుక్కుని పెరట్లోకి వెళ్ళి, చిటారుకొమ్మన ఆకుల్లో మిగిలిపోయిన కాసిని పళ్ళు భర్తకు చూపించింది. అతను చిక్కం కర్రతో ఒక్కొక్కటే కోసి దించితే, చెంగుతో తుడిచి గుడ్డసంచిలో వేసుకుంది. ఏలూరు బస్సుకి వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు గానీ, అడగాల్సిన పనీ లేకపోయింది. చెప్పులు వేసుకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. వీధి గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. చెల్లెలి మొండితనం ఆమెకు తెలియనిది కాదు.

"అయ్యగారూ, నేనెళ్ళి పిలిచినా అది తలుపు తియ్యకపోతే ఏం చెయ్యమంటారు?"

సన్నగా వాన మొదలైంది. కోదండయ్యగారు గొడుగు విప్పి ఆమె చేతికిచ్చారు.

"తిరిగి వచ్చెయ్యి. పళ్ళు దారిలో ఎవరికన్నా పెట్టు. దాని గుమ్మంలో మాత్రం వదిలి రాకు తల్లీ."