ఉరుకులయ్య జరిపిన రాయి

అనగనగా ఒక అడవిలో ఉరుకులయ్య అనే మనుబోతు ఉండేవాడు. మనుబోతు అంటే తెలుసుగా పిల్లలూ, గుర్రమంత ఎత్తుండే అడవి జంతువు. ఉరుకులయ్య అన్నది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పరుగు తెచ్చిపెట్టిన పేరు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. వానలు వెలిసాక వాగు ఒడ్డు నుంచి మిట్ట మీది రాయి దాకా పరుగు పందెం పెడతారు. గెలిచినవాడికి ఏడాది పొడుగునా కేకగాడి పదవి. అంటే వేటకొచ్చే అడవికుక్కల, అదే రేచుకుక్కల గుంపు కనిపిస్తే వాడు మిట్టెక్కి, రాయి దగ్గర నిలబడి కేక వేయాలి. మిట్టకు అవతల లోయలో తల్లులూ పిల్లలూ మేస్తుంటారు. ఆ రాయి దగ్గర వేస్తేనే కేక లోయలోకి దిగుతుంది. అందుకే పెద్దలు రాయిని అక్కడ పెట్టారు. ఈ పనికి బదులుగా ప్రతి విందులో మొదటి ముద్ద కేకగాడిదే.

ఉరుకులయ్య వరసగా మూడేళ్లు గెలిచాడు. నాలుగో ఏడు అతని మీద గౌరవంతో ఎవరూ పోటీకి రాలేదు. అక్కడే వచ్చింది తంటా. పరుగు పోయింది, ముద్ద మాత్రం మిగిలింది. కుందేలు పెళ్లిలో మొదటి ముద్ద, ముళ్లపంది బారసాలలో మొదటి ముద్ద, ఏనుగు ఇంట అన్నప్రాసనలో మొదటి ముద్ద. మొదటిది అయ్యాక రెండోది తినకూడదని ఎవరూ చెప్పలేదు కదా. ఇప్పపూలు నములుతూ పాత పందెం కథ చెప్పేవాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టు ఉండేది ఆ కథ. ఇక్కడ నేతులు తాగిన తాతా ఇతనే, అంతే తేడా.

రెండేళ్లకు పొట్ట నేలను పలకరించసాగింది. అది చూసి కొండముచ్చుల పెద్దకు భయమేసింది. ఒకసారి పరుగెత్తి చూపించమన్నాడు. వంద లెక్కపెట్టేలోగా రాయిని అందుకోవాలి. కొండముచ్చులు చెట్టెక్కి లెక్కపెట్టాయి. వందకు ఉరుకులయ్య సగం దారిలో ఉన్నాడు. రెండు వందలకు ఒక పొద పక్కన కూర్చున్నాడు. దారిలో గులకరాళ్లు ఎక్కువయ్యాయని చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లకు అతను దూరపు చుట్టం కాబోలు.

పెద్ద ఒక నెల గడువిచ్చాడు. నెలలో ఒళ్లు తగ్గకపోతే పదవి వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నాడు.

ఉరుకులయ్య సలహా కోసం బయలుదేరాడు. ఎలుగుబంటి తేనె నాకితే కొవ్వు కరుగుతుందన్నాడు. ఉరుకులయ్య నాకాడు, అదీ భోజనం అయ్యాక. అడవిపంది బురద పూసుకుని పడుకుంటే పొట్ట ఎండి ముడుచుకుంటుందన్నాడు. ఉరుకులయ్య పడుకున్నాడు. బురద ఎండింది. చివరికి నక్క దగ్గరికి పోయాడు.

నక్క అతన్ని ఎగాదిగా చూసి నెమ్మదిగా అంది: "మామా, పరుగు పెంచడం కష్టం. దారి తగ్గించడం సులువు. రాయి పల్లానికి దొర్లుతుంది కదా?"

తప్పని ఉరుకులయ్యకు తెలుసు. తెలిసే చేశాడు. రోజూ తెల్లవారుజామున పోయి కొమ్ములతో రాయిని కొంచెం కిందికి తోసేవాడు. కొంచెం కొంచెమే కాబట్టి ఎవరి కంటా పడలేదు. మూడు రోజులకే ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. వారానికి, తాను నిజంగానే చిక్కానని నమ్మేశాడు. ఊరిని మోసం చేసినవాడు తనను తాను మోసం చేసుకోకుండా ఉంటాడా?

గడువు నాటికి ఉరుకులయ్య తొంభైకే రాయిని అందుకున్నాడు. అడవంతా విందు చేసింది. మొదటి ముద్ద ఎవరిదో చెప్పక్కర్లేదు.

విందులో తాబేలు అవ్వ ఒక్కతే ముద్ద ముట్టలేదు. ఆమె అంది: "నాయనలారా, వాగు నుంచి ఆ రాయి దాకా పోవడానికి నాకు ఎప్పుడూ మూడు రోజులు పడుతుంది. మొన్న ఒక్క రోజులో పోయాను. నేను కూడా ఒళ్లు తగ్గానంటారా?"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఉరుకులయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. అవ్వ మాత్రం అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

పది రోజులకు రేచుకుక్కలు వచ్చాయి.

ఉరుకులయ్య పరుగెత్తాడు. రాయి దగ్గర ఆగాడు, రొప్పుతూ కేక వేశాడు. కేక మిట్టకు తగిలి తిరిగి అతని చెవుల్లోనే పడింది. అప్పుడు గుర్తొచ్చింది, తాను నిలబడింది మిట్ట మీద కాదని. పైకి ఎక్కబోయాడు. నాలుగడుగులకే మోకాళ్ల మీద కూలబడ్డాడు. కుక్కలు అతన్ని దాటుకుని పోయాయి. వాటికి పందెం సంగతి ఎవరూ చెప్పలేదు.

లోయలో ఉరుకులయ్య మేనకోడలు నల్లమ్మ వారం రోజుల దూడతో మేస్తోంది. కుక్కలు మిట్ట దిగుతుంటే తీతువు పిట్ట చూసి అరిచింది. తల్లులు పిల్లల చుట్టూ వలయం కట్టి కుక్కలను తరిమాయి. కానీ వలయం కట్టేలోపే నల్లమ్మ దూడ వెనక కాలు ఒక కుక్క నోట పడింది. ప్రాణం దక్కింది, కుంటితనం మిగిలింది.

సాయంత్రానికి ఉరుకులయ్య మిట్ట దాటి వచ్చాడు. కేక వినపడకపోయేసరికి, తాబేలు అవ్వ మాటలోని గుట్టు నల్లమ్మకు అప్పటికే అర్థమైంది. ఆమె దూడ కాలు నాకుతూ, తలెత్తకుండా అంది: "రాయి నువ్వు చెప్పినచోట ఆగింది మామా. కుక్కలు ఆగలేదు."

ఉరుకులయ్య సిగ్గుతో వెనుదిరిగాడు. మరునాడు పెద్దల ముందు అంతా ఒప్పుకున్నాడు. పదవి పోయింది. అతను రాయి దగ్గరికి పోయి, దాని కింద తల పెట్టి పైకి తోశాడు. దింపినప్పుడు పల్లం, ఇప్పుడు ఎత్తు. మొదటి రోజు జానెడు జరిగింది, మధ్యాహ్నానికి మూరెడు వెనక్కి జారింది. కొండముచ్చులు కొమ్మల మీద వరసగా కూర్చుని లెక్కపెట్టాయి, ఈసారి పళ్లికిలించి. కుందేలు రెండో పెళ్లికి పిలిచింది. వెళ్లలేదు. నక్క ఇంకో సలహా ఉందంది. వినలేదు.

మళ్లీ వానలు వెలిసేసరికి రాయి తన పాత గుంతలో కూర్చుంది. ఉరుకులయ్య పొట్ట ఎక్కడ పోయిందో అతనికే తెలియదు. పందెంలో అతను రెండోవాడు. మొదటిది నల్లమ్మ. కేకగాడి పదవి ఆమెదే, మొదటి ముద్దా ఆమెదే. ఆమె ఆ ముద్ద కుంటి దూడకు పెట్టింది.

ఇప్పటికీ తాబేలు అవ్వ మిట్టెక్కినప్పుడల్లా ఉరుకులయ్య ఎదురెళ్లి అడుగుతాడు: "ఎన్నాళ్లు పట్టింది అవ్వా?"

"మూడు రోజులు," అంటుంది అవ్వ. అది విన్నాకే అతను మేతకు పోతాడు.

నీతి: రాయిని దగ్గరికి జరుపుకున్నవాడికి చప్పట్లు వస్తాయి, కాళ్లలో సత్తువ రాదు. కుక్కలొచ్చిన రోజున కావలసింది సత్తువే.