తొడుగు మీది ముళ్లు

హర్కమాన్ తేనెటీగలు పెట్టుకుని రెండేళ్లయింది. నిన్నమొన్నటిదాకా ఎవరి జోలికీ పోని ఈగలు, ఈ కార్తీకం నుంచి మనిషి కనిపిస్తే చాలు మీద పడుతున్నాయి. పొరుగింటి జస్మతి మేకను కుట్టి కుట్టి పడేశాయి. పాపం, అది మూడు రోజులు మేత ముట్టలేదు.

జస్మతి గొడవపడే మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పింది. "దాజూ, అన్నలాంటివారని చెబుతున్నాను, వచ్చే సంతలోపు పెట్టెలు అడవి అంచుకు తీసుకుపోండి. లేదంటే సంగతి ఊరి పెద్దల ముందు పెడతాను."

నేపాలు కొండల్లో అడవి అంచున తేనెపెట్టె పెట్టడమంటే, ఎలుగుబంటికి పళ్లెంలో వడ్డించి ఇవ్వడమే.

ఇక లాభం లేదని హర్కమాన్ కొండెక్కి ఫుల్‌మతి బోజు దగ్గరికి వెళ్లాడు. బోజు అంటే వాళ్ల వైపు నాయనమ్మ. చూరు కింద తొర్ర దుంగలు వేలాడదీసి నలభై ఏళ్లుగా ఈగల్ని సాకుతోంది. అతనికి ఈ విద్య నేర్పింది ఆవిడే. దసరా వెళ్లాక అతను పట్నంలో పదిరోజుల శిక్షణకు వెళ్లి, చెక్కపెట్టెలు, ముఖానికి ముసుగు, మోచేతులదాకా తోలు తొడుగులు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇటు రావడం తగ్గించాడు.

"రా నాతీ. మనవడు దారి మరిచిపోయాడనుకున్నాను."

"పని ఎక్కువైంది బోజూ."

"పని ఈగలు కదా చేసేది," అంది ఆవిడ.

అతను జరిగిందంతా చెప్పాడు. "నా వల్ల ఏ తప్పూ లేదు బోజూ. పొగ పెడుతున్నాను. మబ్బు పట్టిన రోజు తెరవడం లేదు. పైగా రెండు నెలలుగా నన్ను ఒక్కటీ కుట్టలేదు." ఆ చివరి మాట అనేటప్పుడు కాస్త ఛాతీ విరిచాడు.

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

బోజు కర్ర అందుకుని అతని వెంట దిగింది.

హర్కమాన్ ముసుగు వేసుకోవడం చూసి, వాకిట్లో మొక్కజొన్న వలుస్తున్న జస్మతి బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. అతను చూడనట్టే పెట్టె తెరిచాడు. ఈగలు హోరుమని లేచి తిన్నగా తొడుగుల మీదికి వచ్చాయి. అతను గబగబా పని ముగించి మూత దభీమని పడేశాడు.

"చాలు. ఆ తొడుగులు ఇలా ఇవ్వు," అంది బోజు.

అరుగు మీద ఎండలో కూర్చుని తొడుగు ఒళ్లో పరుచుకుంది. రవికకు గుచ్చుకున్న పిన్నీసు తీసి, తోలులోంచి ఏదో లాగి, హర్కమాన్ భార్య సన్‌మాయ తెచ్చిన పళ్లెంలో వేసింది. ఇంకొకటి లాగింది. మరొకటి.

"ఏమిటిది?"

అతను వంగి చూశాడు. నూగంత నల్లనిది, చివర తెల్లగా చిన్న తిత్తి. "ముల్లు."

"ముల్లు దింపిన ఈగ ఏమవుతుంది?"

మొదటిరోజు ఆవిడ నేర్పిందే. "చచ్చిపోతుంది."

బోజు లాగుతూనే ఉంది. పళ్లెం అడుగు నల్లబడుతోంది. సన్‌మాయ తొంగిచూసి, "ఒక్కటీ కుట్టలేదంట," అంది మొగుడి వైపు చూడకుండా.

"వాసన చూడు," అని తొడుగు అతని ముక్కు దగ్గర పెట్టింది బోజు.

"అరటిపండు. నేను పెరట్లో గెల ముగ్గిందనుకున్నాను ఇన్నాళ్లూ."

"వెతికావా?"

"తాను వెతికింది చాలక నన్నూ వెతికించాడు బోజూ," అంది సన్‌మాయ.

"గెల కాదు. కుట్టిన ఈగ తక్కినవాటిని పిలిచే వాసన. ఇక్కడే, రండి, అని."

హర్కమాన్ రెండు చేతుల వైపూ చూసుకున్నాడు. రెండు నెలలుగా ఆ పిలుపునే తొడుక్కుని పెట్టెలు తెరుస్తున్నాడు.

"ఉతికేస్తాను," అన్నాడు చివరికి.

"ఉతుకు. అవి ఆరేలోపు ఈగలు సర్దుకుంటాయి. ఆ చివరి పెట్టె చూద్దాం."

"చేతులతోనా?"

"మరి కాళ్లతోనా?"

పొద్దు కాస్త వాలాక, అతను బూడిదతో చేతులు తోముకుని చివరి పెట్టె తెరిచాడు. మొదటి తేనెపట్టు పైకి లాగబోతుంటే బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. చూస్తే, వేలికీ చెక్కకూ మధ్య ఒక ఈగ నలుగుతోంది. కుట్టింది దాని పక్కది. అతను వేలు ఎత్తాడు. నలిగే ఈగ రెక్కలు విదిలించుకుని లోపలికి నడిచి వెళ్లింది.

బోజు గోటితో ముల్లు గీకి, ఆ చోట బూడిద రుద్దింది.

"ఈ ఒక్కటే నీ దాకా రాగలిగింది," అంది.

హర్కమాన్ పట్టును పైకి తీసి చూసి, మెల్లగా దాని చోట పెట్టాడు. మూత ఒక అంచు ఆనించి, పెట్టె అంచు మీది ఈగలు ఒక్కొక్కటే లోపలికి జరిగేదాకా ఆగుతూ, కొద్దికొద్దిగా దించాడు. కుండలో నీళ్లు మరిగేంత సేపు పట్టింది. ఒక్క ఈగ కూడా లేవలేదు.

పొరుగింట్లో గడియ చప్పుడైంది. జస్మతి బుట్టతో గుమ్మంలోకి వచ్చి పెట్టెల వైపు చాలాసేపు చూసింది. తర్వాత వాకిట్లోకి దిగి కూర్చుంది.

హర్కమాన్ వాచిన చేత్తోనే పక్క పెట్టె దగ్గరికి నడిచాడు.