గడ్డిమిషను కడుపులో సగం కట్ట

గోదావరి మధ్యలో ఒక చిన్న లంక. ఏ పటంలోనూ ఉండదు, వెతక్కండి. అక్కడ మనుషులు లేరు, వ్యవసాయమంతా జంతువులదే. అందుకే తగువులు కాస్త తక్కువ. రెండో పంట, దాళ్వా వరి కోతలు అయిపోయాయి. వైశాఖ మాసపు మధ్యాహ్నం. గాలి కదిలితే చేలల్లోంచి గడ్డిపొట్టు బంగారు రంగులో లేచి, కింద పడాలో వద్దో తేల్చుకోలేనట్టు అక్కడే తేలుతోంది. ఏరు కూడా కునుకుతూ పారుతోంది. అలాంటి వేళలో ఎవరికైనా రెప్పలు వాలిపోతాయి.

రెల్లుపాక ముందు గడ్డిమిషను ఆగి ఉంది. వరిగడ్డిని మింగి, గుండ్రటి కట్టగా చుట్టి, పురికొసతో బిగించి, వెనకనుంచి దొర్లించే మిషను అది. రెండేళ్ల కిందట దాన్ని ఎవరూ దులపకుండా వదిలేశారు. మరుసటి కోతలకి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కట్టలు కట్టే దారి లేక, అకాలవానకి గడ్డి అంతా చేలోనే కుళ్లింది. ముసలి ఎద్దు మైలయ్య ఆ వానాకాలమంతా సగం కడుపుతో గడిపాడు. ఇంకొక్కసారి అలా జరిగితే తాను బతకనని ఆయనకి తెలుసు. అందుకే ఈసారి దున్నపోతు అప్పన్నని వెంటబెట్టుకుని తనే పనిలోకి దిగాడు.

తోకతో దుమ్ము దులిపాడు. గొలుసులకి గ్రీజు రాశాడు. ఇక మిషను కడుపులో ఆగిపోయిన సగం కట్టని కొమ్ములతో లాగబోతుంటే, పందికొక్కు గంగులు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు.

"ఆగు బాబాయ్! ఎంత పని చేస్తున్నావు?"

"ఏం చేశాన్రా? లోపల గడ్డి ఉంటే చెమ్మ పడుతుంది. చెమ్మ పడితే తుప్పు పడుతుంది."

"తుప్పు సంగతి సరే, శాస్త్రం మాటేంటి? గాదెని అడుగంటా ఎవరైనా ఊడుస్తారా? గుప్పెడు గింజలు వదిలితేనే కదా మళ్లీ పంటకి నిండేది! ఇది మాత్రం గడ్డికి గాదె కాదూ?"

"నిజమే మామా, శాస్త్రం తప్పితే కళ్లు పోతాయి," అంటూ అప్పన్న అక్కడికక్కడే చతికిలబడ్డాడు. పని ఉన్నప్పుడే శాస్త్రం గుర్తొచ్చే రకం అతను.

మైలయ్యకి కూడా ఒక్క క్షణం మనసు మెత్తబడింది. చిన్నప్పటి గాదె, అందులో చల్లని చీకటి, అడుగున అమ్మ వదిలేసిన గుప్పెడు ధాన్యం, ఆ వాసన, అన్నీ కళ్లముందు కదిలాయి. కొమ్ములకి తగులుకున్న గడ్డిని మెల్లగా వదిలేశాడు. ఎండ అలా వెచ్చగా వీపు మీద పడుతుంటే ఎవరు ఏం చెప్పినా నిజమనిపిస్తుంది.

అప్పుడు గంగులు మీసాలకి అంటుకున్న బూరుగుదూది కనబడింది. ఓహో, పరుపు కూడా సిద్ధమైందన్నమాట! ఏటా వరదకి గంగులు బొరియ మునుగుతుంది. ఈ ఏడు వాడు కాపురం మిషను కడుపులో పెట్టదలిచాడు.

కందకి లేని దురద కత్తిపీటకెందుకో మైలయ్యకి తెలిసిపోయింది. అయినా కోప్పడలేదు.

"మంచి మాట గుర్తుచేశావురా గంగులూ. గాదె అన్నాక గాదె మర్యాదలన్నీ జరగాలి," అని పాక చూరు వైపు తలెత్తాడు. "మాణిక్యమ్మా! ఓ మాణిక్యమ్మా! ఒకసారి దిగిరా."

చూరు మీద పడుకున్న పిల్లి ఒళ్లు విరుచుకుంటూ దిగింది. "ఏంటి మామా?"

"ఇది ఇవాళ్టినుంచి గాదె. గాదె దగ్గర పిల్లిని పెట్టడం తాతలనాటి ఆచారం. కొత్త కోతలదాకా నీ పడక ఇందులోనే."

మాణిక్యమ్మ లోపలికి తొంగిచూసి, "గడ్డి మెత్తగానే ఉంది," అంది. గంగులు వైపు చూసి మరీ అంది.

గంగులు కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. "గాదేంటి బాబాయ్! ఇనప మిషను!"

"నువ్వేగా అన్నావు?"

"ఎండకి తల తిరిగి ఏదో అన్నాను. మిషన్లో గడ్డిపోచ కూడా ఉంచకూడదు. తుప్పు పడుతుంది!"

"అలాగైతే రోలరుకి చుట్టుకున్న పురికొస కొరికిపెట్టు. అక్కడికి నా కొమ్ములు అందట్లేదు. కొరికేదాకా మాణిక్యమ్మ ఇక్కడే కూర్చుంటుంది."

గంగులు కొరికాడు. పిల్లి కళ్లు సగం మూసి చూస్తూ ఉంది. అప్పన్నకి కొమ్ముతో ఒక పోటు తగిలాక అతనూ లేచి గడ్డి లాగాడు. పొద్దు వాలేసరికి మిషను కడుపు ఖాళీ అయింది. పాకలోకి తోసి, చక్రాల కింద రాళ్లు పెట్టారు. మైలయ్య లోపలికి ముక్కు పెట్టి వాసన చూశాడు. గ్రీజు వాసన తప్ప ఇంకేమీ లేదు. చాలాకాలానికి ఆయనకి వానాకాలమంటే భయం వెయ్యలేదు.

"లాగిన గడ్డి నీదేరా," అన్నాడు గంగులుతో. "మెట్టగట్టు మీద ఇల్లు కట్టుకో. అక్కడికి వరద రాదు."

గంగులు నొప్పెట్టిన దవడ పట్టుకుని, గడ్డి ఈడ్చుకుంటూ గొణిగాడు: "ఇల్లు ఆక్రమిద్దామని వస్తే, ఊడిగం చేయించుకుని పంపారు."

నీతి: ఆచారంలో తనకి పనికొచ్చే సగమే చెప్పేవాడికి, మిగతా సగం మనం గుర్తుచెయ్యాలి.