మద్దిలేటి పుట్టి, మూడు ఆకళ్ళు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో మద్దిలేటి అని ఒకాయన ఉండేవాడు బంగారూ. ఆ ఏటికి వంతెన లేదు. ఆయన పుట్టి నడిపితేనే ఎవరైనా అవతలి ఒడ్డుకు పోయేది. పుట్టి అంటే తెలుసునా? వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. పడవ మాదిరి నీళ్ళమీద తేలుతుంది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పుట్టి ఎక్కినోళ్ళు తమ మూటలో ఏముంటే అది, గంగమ్మ పేరు చెప్పి, ఒక పిడికెడు మద్దిలేటి చేతిలో పెట్టాల. ఒకరు జంతికలు, ఒకరు వేరుశనక్కాయలు, ఒకరు బెల్లం. వద్దంటే గంగమ్మను వద్దన్నట్టే. మరి ఆయనేం చేసేవాడు? చిటికెడు ఏట్లో వేసి, మిగతాదంతా నోట్లో వేసుకునేవాడు!

అట్లా తిని తిని బొజ్జ పెరిగింది. బొజ్జ పెరిగితే పెరిగింది, పుట్టి కుంగింది. నీళ్ళు అంచుదాకా వచ్చేవి. ముందు అవతలి ఒడ్డు బడికి పోయే పిల్లోళ్ళు నలుగురూ ఒక్కసారే ఎక్కేవాళ్ళా, ఇప్పుడు ముగ్గురికే చోటు. మిగిలిపోయేది ఎవరనుకున్నావు? మద్దిలేటి సొంత కూతురు హంపమ్మ.

"వాళ్ళను దింపి రా నాయనా, నేను తర్వాత వస్తాలే" అనేది. తర్వాత పోయేసరికి గంట కొట్టేసేవాళ్ళు. పాపం, రోజూ గుమ్మం బయటే నిలబడేది. చివరికి అయ్యవారు, "దీపావళి సెలవులకల్లా గంటకు ముందు రావడం నేర్చుకో. లేదంటే నీ పేరు కొట్టేస్తా" అన్నాడు.

ఆ మాట మద్దిలేటి చెవిన పడింది. "రేపట్నుంచి నేను తిననే తినను" అన్నాడు పెళ్ళాం సుంకులమ్మతో.

"ఎవరూ, నువ్వా?" అని ఆమె ఒకటే నవ్వు.

పొద్దున తినలేదు. మధ్యాహ్నం తినలేదు. అప్పుడు ఏమైంది? సాయంత్రానికి ఇంక ఆగలేకపోయినాడు. ఇంటికొచ్చి సంగటి, రొట్టెలు, పక్కింటోళ్ళు పంపిన పాయసం, అన్నీ ఊడ్చేసినాడు. సుంకులమ్మ ఖాళీ చట్టి తెచ్చి ముందు పెట్టి, "ఇదొక్కటే మిగిలింది, నమలయ్యా" అనింది.

ఆ తర్వాత నోటికి తువ్వాల కట్టుకున్నాడు. పుట్టి ఎక్కినోళ్ళు, "ఏం మద్దిలేటీ, పళ్ళు రాలిపోయినాయా?" అని ఒకటే ఎగతాళి. ఓర్చుకున్నాడు. కానీ అవతలి ఒడ్డున మిరపకాయ బజ్జీలు వేస్తారు కదా! ఆ వాసనకు తువ్వాల అడ్డమా? అంగట్లోనే విప్పేసినాడు.

ఆ తర్వాత ఒకరోజు హంపమ్మను దాటిస్తుంటే పుట్టి సుడిలో పడింది. మద్దిలేటికి ఆరోజు ఆకలి, చిరాకు. తెడ్డుతో ఎడాపెడా కొట్టినాడు. కొట్టేకొద్దీ పుట్టి గిర్రున తిరుగుతోంది.

"నాయనా! సుడిలో తెడ్డు కొట్టగూడదని నువ్వే కదా చెప్పినావు?"

నిజమే! తెడ్డు ఎత్తి పట్టుకున్నాడు. సుడి తిప్పింది, తిప్పింది, దానంతట అదే నెమ్మదించింది. ఒడ్డు వైపు తిరగ్గానే ఒక్క తోపు తోసినాడు. బయటపడినారు.

అప్పుడు హంపమ్మ అడిగింది. "నాయనా, బజ్జీల ఆకలి గూడా ఇట్లాగే తిరిగి తిరిగి, దానంతట అదే పోతుందా?"

"ఏమోనమ్మా. ఎప్పుడూ ఆగి చూడలేదే!"

ఇంక చూడు, ఆయనకు అదే ధ్యాస. ఆకలైనప్పుడల్లా, "ఎవరు నువ్వు? ఎక్కడినుంచి వచ్చినావు?" అని దాన్నే అడిగేవాడు. ఆశ్చర్యమేందంటే, ఆకలి ఒకటి కాదు, మూడు!

ఒకటి ముక్కు ఆకలి. బజ్జీల గాలి వీస్తే వస్తుంది. ఆగితే, గాలితోపాటే పోతుంది. రెండోది చేతి ఆకలి. జనం కోసం ఊరికే కూర్చుంటే చెయ్యి దేనికో ఒకదానికి తడుముకుంటుంది. వల ఒకటి ముందేసుకుని అల్లుతా కూర్చుంటే అదీ పోయింది. మూడోది కడుపు ఆకలి. ఇది పోదు. పోగొట్టగూడదు గూడా! అది నెమ్మదిగా వస్తుంది, బజ్జీయే కావాలని మారాం చేయదు. దానికి వేళకు జొన్నరొట్టె, నిండుగా ఆకుకూర పప్పు పెట్టినాడు.

మరి గంగమ్మ పిడికెడో? కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. చిటికెడు ఏటికి, చిటికెడు తనకు, మిగతాది ఒడ్డు మీద ఆడుకునే పిల్లోళ్ళకు. గంగమ్మ ఏమీ అనలేదు.

ఒకటి రెండుసార్లు బజ్జీలు తిన్నాడనుకో. "సరే, మళ్ళీ సుడిలో పడినా" అనుకుని, పొద్దున మళ్ళీ రొట్టె, పప్పు.

వానలు వచ్చినాయి, పోయినాయి. దీపావళి ఇంక నాలుగు రోజులుందనగా, ముగ్గురు పిల్లోళ్ళూ ఎక్కినారు. హంపమ్మ అలవాటుగా ఒడ్డునే నిలబడింది.

"ఎక్కు తల్లీ" అన్నాడు మద్దిలేటి.

"మునిగిపోతాం నాయనా!"

"ఎక్కి చూడు."

భయం భయంగా ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. అంచు నీళ్ళకు ఇంకా జానెడు పైనే ఉంది! సుంకులమ్మ ఒడ్డు మీదనుంచి, "బొజ్జ మాత్రం ఇంకా ఉందయ్యోయ్!" అని అరిచింది. "ఉండనీవే, దానికీ చోటుంది!" అన్నాడాయన.

ఆరోజు హంపమ్మ ఎగురుకుంటా బడికి పోయింది. పోతే ఏముంది? బడికి తాళమే తీయలేదు! అయ్యవారు తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి, గుమ్మం మీద కాళ్ళు ఊపుకుంటా కూర్చుని, "ఆలస్యమైందే అయ్యవారూ?" అనింది.

కథేమో కంచి దారి పట్టె,
పుట్టేమో ఇంటి ఒడ్డు పట్టె,
నా బంగారు కంటికి నిదర పట్టె!