రాజుగారి టైము

ఒకానొక సంస్థానాన్ని వీరకేసరి భూపతి అనే ప్రభువు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే కాని, కొత్త వస్తువేదైనా చేతికొస్తే ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. ఒక దొర ఆయనకు నిలువెత్తు గడియారం బహూకరించి, 'టైము' అనే మాట నేర్పి వెళ్ళాడు. కొద్దిరోజుల్లోనే ఆ మాట ఊరంతా పాకి, ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడసాగారు. ఇంకేముంది, టైమంటే గడియారం ముళ్ళు చూపించేది మాత్రమేననీ, మరోలా వాడినవాడికి కొలువులో చోటు లేదనీ ప్రభువు చాటింపు వేయించాడు.

దానికి మొదట చిక్కినవాడు మావటి అప్పలసూరి. పట్టపుటేనుగు కాలికి ముల్లు దిగి, పొద్దుటి ఊరేగింపుకు ఆలస్యమైంది.

"ఏటి సెయ్యను బాబూ, నా టైము బాగోనేదు" అన్నాడు పాపం.

"నా గడియారాన్నే తప్పుపడతావా? ఇక ఏనుగుల సాలలో అడుగుపెట్టకు" అన్నాడు ప్రభువు.

కొలువులో మాటకారి చిదంబరయ్యకు ఇది అన్యాయమనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఏనుగును బిడ్డలా సాకినవాడు అప్పలసూరి. అయితే ఎదురు చెబితే ప్రభువు మరింత బిగుసుకుంటాడని తెలిసి, సాయంత్రం దాకా కాచుకున్నాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. ప్రభువు ఆ రోజు ఆడిన ప్రతి మాటా రాయసం కామన్న రాసుకుని, సాయంత్రం సభలో చదవాలి. తన మాటలు తాను వినడమంటే ప్రభువుకు మహా ఇష్టం.

చదువు మొదలవుతుండగా చిదంబరయ్య బెత్తం పట్టుకుని గడియారం పక్కన నిలబడ్డాడు. "తమరు టైము అన్నచోటల్లా అది ఎక్కడుందో చూపిస్తాను ప్రభూ. తమ వాడుక చూసి మేమూ నేర్చుకుంటాం."

ప్రభువు మీసం దువ్వి సరేనన్నాడు.

కామన్న చదివాడు. "'తోటలో షికారుకు ఇవాళ నాకు టైము లేదు.'"

బెత్తం అంకెల చుట్టూ తిరిగి తిరిగి ఆగింది. "లేనిదాన్ని ఎక్కడ చూపించను ప్రభూ?"

ప్రభువు చిన్నగా దగ్గాడు.

"'మామిడిపళ్ళు రాలేదేం? వాటి టైము వచ్చిందిగా.'"

"ఇది చిన్నముల్లు దగ్గరా, పెద్దముల్లు దగ్గరా ప్రభూ?"

సభలో ఒకరిద్దరు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కామన్న తరవాతి మాట చదివాడు. "'చదరంగంలో నాలుగాటలూ నేనే గెలిచాను. నా టైము బాగుంది.'"

చిదంబరయ్య బెత్తం కింద పెట్టేశాడు. "ఇది నాకు తెలుసు ప్రభూ. పొద్దున అప్పలసూరి అన్నదీ ఇదే. తమకు బాగుంది, వాడికి బాగోలేదు."

ప్రభువు గడియారం వంక చూశాడు, చిదంబరయ్య వంక చూశాడు, ఆపైన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

"నా నోటితోనే నాకు గడ్డి పెట్టించావయ్యా" అని తన శాలువా తీసి చిదంబరయ్యకు కప్పాడు. చాటింపు రద్దు చేసి, అప్పలసూరిని పిలిపించాడు.

"ఏనుగు కాలెలా ఉంది?"

"ముల్లు తీసినాను బాబూ. మందు కట్టనేదు. నన్ను లోనికి రానివ్వనేదు గదా."

ప్రభువు నవ్వు చప్పున ఆగిపోయింది. సింహాసనం దిగి, మందుగిన్నె తానే తెప్పించి చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పు నాదే అప్పలసూరీ. పద, కాలు నేను పట్టుకుంటాను, నువ్వు కట్టు కట్టు."