పడుగు పరిచిన చోటు

భావనారాయణ మేస్త్రిగారిని ఏ ప్రశ్న అడిగినా "కొలిచిరా, చెబుతా" అంటారు. కట్టడం పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన ప్రసూనకి ఈ మాట విని విని విసుగెత్తింది. నేతపేటలో ఉన్న ఒకే ఒక ఖాళీ స్థలంలో గ్రంథాలయం కట్టాలి. నక్షా ఆమే గీసింది. కప్పు మీద సోలార్ పలకలు, వాననీటి తొట్టి, నడిమధ్య చల్లటి హాలు, చుట్టూ ప్రహరీ. పాపం, ఏదీ మర్చిపోలేదు.

"అన్నీ కుదిరాయండీ. జనం వచ్చి కూర్చోవాలంటే ఇంకేం కట్టాలి?" అని అడిగింది.

"కొలిచిరా," అన్నారాయన.

మర్నాడు తెల్లవారుతూనే టేపు పట్టుకుని వెళ్ళింది. స్థలం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుమెత్తున పడుగు సాగదీసి ఉంది. మగ్గానికెక్కబోయే నిలువు పోగులు, వేలకు వేలు, గంజి తడితో మెరుస్తున్నాయి. రెండు పక్కలా పేటవాళ్ళు నిలబడి వాటిని సర్దుతున్నారు. ప్రసూన టేపు చివరను వాటి మీదుగా అవతలికి విసరబోయింది.

"ఇనుము తగిలితే పోగు తెగుద్దమ్మా! అది పక్కన పెట్టి, పడుగు జారకుండా ఈ కర్ర పట్టుకో," అంది నాంచారమ్మ అనే పెద్దావిడ.

పట్టుకుంది. కాసేపటికి ఓ పోగు తెగింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. దారిన పోయే పాలాయన క్యాను దించి, పోగు అతికి, తన దారిన తాను పోయాడు. ఇంకోటి తెగితే బడికెళ్ళే పంతులమ్మ ఆగి అతికింది. తెగిన పోగును చూసి వదిలిపోవడం ఆ పేటలో లేదట. ఒక ముసలాయన పేపరు పైకి చదువుతూ పడుగు వెంట అటూ ఇటూ నడుస్తున్నాడు. నలభైమంది చేతులు పోగుల మీద, చెవులు ఆయన మీద. అంత గొప్ప చదువుల కొలువు ప్రసూన ఎక్కడా చూడలేదు.

"గ్రంథాలయం కట్టాక పడుగు ఎక్కడ వేస్తారు పిన్నీ?"

"ఇంకేడుందమ్మా చోటు? మగ్గాలు దించుకోవడమే. పుస్తకాలొస్తుంటే వద్దంటామా?" అంది నాంచారమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ప్రసూన తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయింది.

"ఎంతొచ్చింది?" అని అడిగారు మేస్త్రిగారు, ఆమె తిరిగి రాగానే.

"కొలవలేదండీ," అంటూ ఆయన ముందే నక్షాలో హాలు చెరిపేసింది, ప్రహరీ చెరిపేసింది. పడుగంత పొడవున గోడల్లేని చావడి గీసింది. పుస్తకాల గదిని ఓ పక్కకి జరిపింది.

ఆయన నక్షా అందుకుని చూశారు. "గ్రంథాలయం అక్కడ ఎప్పట్నుంచో ఉందమ్మా. వానకి కాస్త కప్పు లేదంతే," అన్నారు.