గంగులమ్మ ఎరువు కుప్ప

"మంచి ఉద్దేశంతో చేసిన పని చెడితే, ఆ తప్పు చేసినవాడిదేనా స్వామీ?" అని అడిగాడు పరమేశం. పిల్లల వసతిగృహం నడిపే మనిషి. నెలకోసారి పెన్న ఒడ్డునున్న ఆశ్రమానికి వచ్చి స్వామి నిత్యబోధుల దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఆ రోజు మాత్రం వచ్చినప్పటి నుంచీ ఆయన ముఖంలోకి చూడలేకపోతున్నాడు. ఏం జరిగిందో చెప్పలేదు. స్వామి కూడా అడగలేదు. తన ఇరవై ఆరో ఏట జరిగిన సంగతొకటి చెప్పారు.

అప్పుడు ఆశ్రమం తోట పెత్తనం ఆయనది, పని గంగులమ్మది. ఏటా ఆమె పశువుల ఎరువు నీడలో కుప్పపోసి, తడిపి, పెరుగుకు తోడు పెట్టినట్టు పాత కుప్పలోంచి గుప్పెడు అందులో కలిపి, గోనెపట్టాలు కప్పేది. పదిహేను రోజులకు దానిమీద పచ్చటి బూజు అల్లుకునేది. దాన్ని కనకాంబరాల మొదళ్లలో వేసేది. పంతొమ్మిదేళ్లుగా ఆ తోడు తెగలేదు.

ఒక వానాకాలం ఒక మడిలో మొక్కలు వడలిపోయాయి. గంగులమ్మ కూతురి పురిటికి వెళ్లి ఉంది. పట్టా ఎత్తి చూస్తే ఆయనకు బూజు కనబడింది. రోగమంతా ఇక్కడినుంచే వస్తోందనుకున్నారు. కుప్పను కిరసనాయిలుతో తగలబెట్టించి, మడులన్నిటిలో బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు పోయించారు. తోటను కాపాడానన్న తృప్తితో ఆ పూట కడుపునిండా భోంచేశారు.

రెండు వారాలు తిరక్కుండానే మిగతా మడులూ పోయాయి. గంగులమ్మ వచ్చి, మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. కోప్పడలేదు. "నాకొక్క కబురు పెట్టాల్సింది నాయనా" అంది. ఆ బూజే వేళ్లను అంటిపెట్టుకుని తెగులును దగ్గరికి రానివ్వకుండా కాస్తోందనీ, మట్టిలోని ఆ కంటికి కనబడని ప్రాణుల చలవతోనే మొక్కకు తిండి అందుతోందనీ, తర్వాతెప్పుడో వ్యవసాయ కళాశాల నుంచి వచ్చిన ఒకాయన చెబితే తెలిసింది.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఎవరూ దున్నని గట్ల మీదనుంచి గుప్పెడు గుప్పెడు మట్టి తెచ్చి కుప్పలో కలిపింది. మొదటి ఏడు బూజు పట్టలేదు. రెండో ఏడు ఏదో కొద్దిగా పట్టింది. మూడో ఏడు కనకాంబరాలు విరగబూశాయి. అప్పటికి గంగులమ్మ పోయి నాలుగు నెలలు. క్షమించమని అడుగుదామని ఆ రోజులన్నీ అనుకుంటూనే ఉన్నానని చెప్పారు స్వామి.

పరమేశం నెమ్మదిగా జరిగింది బయటపెట్టాడు. వసతిగృహంలో బియ్యం పోతున్నాయని పనివాళ్లందరినీ ఒక్కరోజే తీసేశాడు. అన్నం వండిపెట్టే నరసాయమ్మ కూడా వాళ్లతోపాటే వెళ్లిపోయింది. ఏ బిడ్డకు ఒళ్లు వెచ్చబడిందో ముఖం చూసి కనిపెట్టే మనిషి. ఆమె పోయాక చిన్నపిల్లలు సరిగ్గా తినడం మానేశారు. ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లిపోతున్నారు.

"బియ్యం తీసింది ఎవరో కనుక్కోవలసింది స్వామీ. అందరినీ పంపేయడమే తేలికనిపించింది" అన్నాడు.

నిత్యబోధులు లేచి పైపంచె సర్దుకున్నారు.

"ఆమె బతికే ఉంది కదా?" అన్నారు.